దొంగ కన్ను పడని సైకిల్

మొన్న మధ్యాహ్నం గిరాకి లేక, దుకాణంల జాకెట్ ముక్కలు రంగులవారిగ మడత పెట్టుకుంట కూసున్న. చేవెళ్ల మార్కెట్ కాడ నాదొక చిన్న మ్యాచింగ్ సెంటర్. చీరె పట్టుకొచ్చి "దీనికి సరిపోయేది తియ్యక్కా" అంటె, అన్ని ఎర్రలల్లకెళ్లి అసలు ఎర్రను ఏరి ఇచ్చుడు నా పని. గప్పుడే ఫోన్ మోగింది. మా తమ్ముని బిడ్డ. గండిపేట దిక్కు ఏదో ఆఫీసుల నౌకరి దొరికి, ఆడనే కిరాయి రూముల ఉంటున్నది. రూము నుంచి ఆఫీసుకు నడిస్తె దూరం, ఆటో ఎక్కితె జీతమంత వానికే అయితది. "అత్తా, సైకిల్ కొందామనుకుంటున్న. ఎంత పెట్టొచ్చంటవ్? ఈడ మంచి సైకిల్ పెడితె ఆగదంట, ఎత్తుకపోతరంట. ఆఫీసోళ్లు పాతదేదన్న కొనుక్కో అంటున్నరు. డాడీ గూడ గదే అంటున్నడు. నువ్వు ఒకప్పుడు సైకిల్ మీద నౌకరికి పోయినవంట గద, బాపమ్మ చెప్పింది." సాయంత్రం చెప్త బిడ్డా అని ఫోన్ పెట్టేసిన. పిల్ల అడిగిందాంట్ల తప్పేం లేదు. కాని ఆ ఎనుకనే వచ్చినామె చిలుకాకుపచ్చ అడిగితె మెంతాకుపచ్చ చింపిచ్చిన. ఇన్నేండ్ల సర్వీసుల ఎన్నడు చెయ్యని పని.

ఎందుకంటె గిదే సైకిల్ ముచ్చట మీద ఒకప్పుడు మా ఇంట్ల పెద్ద పంచాయితి నడిచింది. మాది చేవెళ్లకు మొయినాబాద్‌కు నడుమ, మెయిన్ రోడ్డు దిగి లోపలికి పోతె వచ్చే ఊరు. ఉమ్మడి కుటుంబం. భూములు, బావులు, పొద్దందాక వచ్చేటోళ్లు పోయేటోళ్లు. పెత్తనమంత మా పెద్దబాపుది, అంటె మా బాపుకు అన్న. ఆయన ఒకపారి సర్పంచ్ చేసిండు. ఆయన కుర్సి దిగిండు గాని, కుర్సి ఆయన ఒంట్లకెళ్లి దిగలే. తెల్లబట్టల ఇస్త్రీ నలుగుతదని ఇంట్ల గూడ ఆనుకొని కూసునేటోడు కాదు. బర్రెకు పలుపు కొనాల్నన్నా అరుగు మీద కుర్సీలు పడాలె, చాయ్ రావాలె, నలుగురు నాలుగు మాటలనాలె. ఆఖరికి పెద్దబాపు పొద్దుగాల్నే ఏదనుకున్నడో అదే తీర్పయితది. ఇంట్ల ఎవరు ఏం సంపాదించినా తెచ్చి ఆయన చేతుల పెట్టుడు, అవసరమైతె మల్ల ఆయన చేతికెళ్లి తీసుకునుడు మా ఇంటి ఆచారం. మా బాపు పనేందంటె తలకాయ ఊపుడు. "అన్న చెప్పినంక ఇగేముంటది" అన్న మాట ఆయన నోట నేను విన్నన్ని సార్లు నా పేరు గూడ వినలే.

డిగ్రీ అయినంక మొయినాబాద్ దిక్కు ఒక కాలేజీల నాకు ల్యాబ్ అసిస్టెంట్ నౌకరి దొరికింది. మా ఇంట్ల ఆడపిల్ల గడప దాటి జీతం తెచ్చుడు అదే మొదలు. గాజు సీసాలు కడిగి బోర్లిచ్చుడు, పిల్లలు వచ్చేటాళ్లకు బల్లల మీద అన్ని వరుసగ పెట్టుడు, ఎవడన్న పోరడు చెయ్యి కాల్చుకుంటె మందు పెట్టుడు. ముక్కులు మూసుకునే ఆ యాసిడ్ వాసన నాకు అత్తరు లెక్క ఉండేది. మా సారు బీరువ తాళంచెవి నా చేతుల పెట్టి "ఏడాది పాటు టైంకు రామ్మా, పర్మినెంట్ చేపిస్త" అన్నడు. టైంకు వచ్చుడు, అదొక్కటే షరతు. కాని మా ఊరికెళ్లి రోడ్డెక్కాల్నంటె చాన దూరం మట్టిబాట. పొద్దుగాల ఆటో ఉండదు, ఉన్నా మనిషి మీద మనిషి ఎక్కి నిండేదాంక కదలదు. నా బస్సు పోయిందంటె మల్ల బస్సు ఎప్పుడొస్తదో దేవునికే ఎరుక. అందుకే రోడ్డు దాంక పోనీకి సైకిల్ కావాలన్న. చేవెళ్లల ఒక షాపుల చూసి పెట్టుకున్న గూడ. నీలం రంగు లేడీస్ సైకిల్, ముందట బుట్ట, ఒక్క చేత్తోని లేపొచ్చు. షాపాయన తొక్కి చూడమంటె వాకిట్ల ఒక సుట్టు తిరిగిన. దిగబుద్ధి కాలే. ధర నా నెల జీతం కంటె ఎక్కువనే ఉండె. అయితేంది, నా జీతమే గద, పెద్దబాపు కాడనే ఉన్నది, అడుగుడే ఆలస్యం అనుకున్న. ఎంత పిచ్చిదాన్ని!

అడిగిననాడే అరుగు మీద కుర్సీలు పడ్డయి. పెద్దబాపు చాయ్ సాసర్ల పోసుకొని ఊదుకుంట షురూ చేసిండు. "సైకిల్ కొనుడు పెద్ద ముచ్చట కాదు బిడ్డా. కాని అది పొద్దంత ఏడుంటది? రోడ్డు మీద, బస్సాగే కాడి చాయ్ హోటల్ గోడకు. నువ్వేమో మొయినాబాద్‌ల ఉంటవ్. గంత పెట్టి కొన్నదాన్ని రోడ్డు మీద ఇడిసి పోవుడంటె దొంగను దావత్‌కు పిలిచినట్టే." ఇగ అక్కడికెళ్లి దొంగల పురాణం మొదలైంది. షాబాద్ దిక్కు ఎవరిదో బాయి కాడి మోటరు పోయిందంట. ఇంకెవరిదో స్టార్టర్ డబ్బ పోయిందంట. ఒకాయన కొట్టంల ఎద్దులను ఇడిసిపెట్టి మెడల గంటలు మాత్రం విప్పుకపోయిండ్రంట. కూసున్నోళ్లందరు తలో దొంగను తెచ్చి అరుగు మీద నిలబెట్టిండ్రు. మల్ల చాయ్ వచ్చింది. ఆఖరికి పెద్దబాపు గొంతు సవరించుకున్నడు. "దొంగ కన్ను పడని సైకిల్ కొనాలె. చూస్తె దొంగకే జాలి కలగాలె. గప్పుడు ఫికర్ ఉండదు."

తలుపు ఎనుకకెళ్లి మా అవ్వ గొంతు ఇనొచ్చింది. నన్ను గన్న తల్లి ఆ పంచాయితీలల్ల నోరు తెరిచింది నాకు తెలిసి గదొక్కటేపారి. "సైకిలు పిల్ల తొక్కేదా, దొంగ తొక్కేదా?" అన్నది. ఎవ్వలు నవ్వలే. మా బాపు తలుపు దిక్కు చూసిన చూపుకు ఆమె లోపలికి పోయింది. "అన్న చెప్పినంక ఇగేముంటది" అన్నడు బాపు. నేను కంభానికి ఆనుకొని నిలబడి ఉన్న. నౌకరి నాది, జీతం నాది, తొక్కే కాళ్లు నావి. నన్ను మాత్రం ఒక్కలు ఒక్క మాట అడగలే. ఇప్పటికి తలుసుకుంటె ఒళ్లు మండుతది.

వారం తిరగకముందే సైకిల్ వచ్చింది. పక్కూరి పాలాయన మోటర్ సైకిల్ కొనుక్కొని ఇడిసిపెట్టిన గెంట్స్ సైకిల్. ఏండ్లకేండ్లు రెండు దిక్కుల క్యాన్లు మోసి మోసి ఎనుక చక్రం వంకర తిరిగింది. ఎండకు నిలబడితె పులిసిన పాల వాసన వచ్చేది. అబద్ధం కాదు, ఇనుముకు గూడ వాసన పడ్తది. నడుమ అడ్డకడ్డీ. పంజాబీ డ్రెస్ ఏసుకొని దాని మీదికి కాలు తిప్పి ఎక్కుడంటె ఊరికి పైసలు లేని సర్కస్. ఎత్తెక్కే చడావు వచ్చిందంటె చెయిన్ పడేది. నల్లటి గ్రీజు చేతులతోనే బస్సెక్కేదాన్ని. బ్రేకులకంటె నా చెప్పులే నయం, ఆపాల్నంటె కాళ్లు కింద రాసుకుంట పోవాలె. పెద్దబాపు మాత్రం దాని సుట్టు తిరిగి తిరిగి మురిసిపోయిండు. "ఇగ దీన్నెవడన్న ఎత్తుకపోతె వానికి శాలువ కప్పి సన్మానం చేద్దాం" అన్నడు.

అయినా ఆయన పానం నిమ్మళం కాలే. సీటు లేని సైకిల్‌ను ఎవడు తొక్కుతడని, చేత్తోని తిప్పితె సీటు ఊడొచ్చేటట్టు మెకానిక్‌తోని చేపిచ్చిండు. రోజు హోటల్ కాడ సీటు ఊడదీసుడు, సంచిల ఏసుకొని బస్సెక్కుడు. పిల్లిని సంకల పెట్టుకొని పెండ్లికి పోయినట్టు, నేను సీటును సంకల పెట్టుకొని నౌకరికి పోయిన. ఒకనాడు కండక్టర్ సంచిలకు తొంగి చూసి, "కూసునేది ఇంటికాన్నుంచే తెచ్చుకుంటున్నవా అక్కా? మంచిగ చేసినవ్, ఈడ ఎట్లాగు జాగ లేదు" అన్నడు. బస్సంత నవ్విండ్రు. నేను గూడ నవ్విన, ఏం జెయ్యాలె మరి. కాలేజీల దాన్ని ల్యాబు బీరువల కింది అరల, పగిలిన సీసాల పక్కకు పెట్టేదాన్ని. మా సారు ఒకపారి చూసి "ఇదేందమ్మా?" అన్నడు. "సైకిల్ సీటు సార్" అన్న. ఆయన మర్యాదస్తుడు, ఇంకేం అడగలే.

ఇగ అన్నిటికంటె పెద్ద ఉపాయం ఎనుక వచ్చింది. మా దిక్కు పెద్దోళ్ల ఇండ్లల్ల అన్నిటి మీద పేరు రాపిచ్చుడు ఒక అలవాటు. ట్రాక్టర్ మీద పేరు, బోరు డబ్బ మీద పేరు, బడికి ఇచ్చిన ఫ్యాన్ల రెక్కల మీద గూడ పేరు. గాలికి తిరుగుతుంటె ఎవరు చదువుతరో నాకు తెల్వదు. పెద్దబాపు గోడలు రాసే పెయింటర్‌ను పిలిచి, సైకిల్ నడుమ కడ్డీల సందుల పట్టేటట్టు ఒక రేకు కోపిచ్చి, దాని మీద పార్టీ రంగుల తన పేరు, పేరు కింద 'మాజీ సర్పంచ్' అని రాపిచ్చిండు. "నా పేరు చూసినంక చెయ్యి పెట్టే మొగోడు ఈ మండలంల ఉన్నడా?" అని మీసం మీద చెయ్యేసిండు. బోల్టులు పెడితె ఎవడన్న విప్పుతడని రివిట్లు కొట్టిచ్చిండు. దొంగకు భయపడి ఊర్లనే అగ్గువ సైకిల్ తెచ్చిన మనిషి, దానికి ఊర్లనే ఖరీదైన పేరు తగిలిచ్చిండు. ఆ సైకిల్ నాదని మాత్రం దాని మీద ఏడ లేదు.

దొంగలు రాలే. ఎందుకొస్తరు? ఆ హోటల్ గోడకు సైకిల్ పెట్టుకునుడు సుట్టుపక్కల ఊర్లోళ్లందరి అలవాటు. కిరాయి లేదు, తాళం లేకున్నా నడుస్తది. సాయంత్రం బస్సు దిగినంక ఆడ ఒక చాయ్ తాగాలె, గదే కిరాయి. నా సైకిల్ పక్కనే ఒక టీచరమ్మ కొత్త లేడీస్ సైకిల్ పెట్టేది. నేను చేవెళ్లల చూసుకున్నసొంటిదే, రంగు ఒక్కటే వేరు. దాన్ని గూడ ఎవ్వలు ముట్టలే. ఎండకు ఎండి, వానకు తడిసి, ఏడ పెట్టింది ఆడనే ఉండేది. నేను రోజు సీటు బిగించుకుంట దాని దిక్కు చూసేదాన్ని. కడుపు రగిలిపోయేది. ఒకనాడు టీచరమ్మ నా చేతుల గ్రీజు చూసి పాపం తన రుమాలు ఇచ్చింది. ఆ రుమాలుతోని చేతులు తుడుసుకున్న గాని, ఆమె మీద కోపం మాత్రం పోలే. ఆమె చేసిన తప్పేందంటె తన సైకిల్ తనే కొనుక్కునుడు.

గంతల సర్పంచ్ ఎలక్షన్లు వచ్చినయి. పెద్దబాపు మల్ల నిలబడ్డడు. ఊర్ల గోడలన్ని నిండినయి. ఒకనాడు హోటలన్న నా చేతికి చాయ్ గ్లాస్ ఇచ్చుకుంట మెల్లగ అన్నడు. "చెల్లె, గా రేకు జర తీసెయ్యరాదు. అవతలి పార్టీ పోరగాళ్లు రోజు ఈడ్నే కూసుంటున్నరు. దాన్ని చూసి పండ్లు కొరుకుతున్నరు." ఇంటికి పోయి చెప్పిన. పెద్దబాపు అగ్గి మీద గుగ్గిలమైండు. "నా పేరు నేనే పీకేసుకోవాల్నా? గిప్పుడు తీస్తె భయపడ్డడంటరు. భయపడ్డోనికి ఓట్లెవడేస్తడు?" అన్నడు. పొద్దుగాల నేనే స్క్రూడ్రైవర్ పట్టుకొని రేకు ఊడదీస్త అని కూసున్న. రివిట్లు ఊడలే, నా గోరు ఊడింది. ఆ చేతితోనే సైకిల్ తొక్కుకుంట పోయిన.

ఎలక్షన్లు ఇంక కొద్ది దినాలు ఉన్నయనంగ ఒక సాయంత్రం బస్సు దిగిన. సంచిల సీటు ఉన్నది, గోడకు సైకిల్ లేదు. నిజం చెప్తున్న, ఆ గడియల నాకు సంతోషమైంది. అమ్మయ్య, దొంగ వచ్చిండు, ఇగ కొత్తది కొనక తప్పదు అనుకున్న. నీలం సైకిల్ ఇంక ఆ షాపుల ఉన్నదో లేదో అని గూడ అనుకున్న. గంతల హోటలన్న తువ్వాలకు చేతులు తుడుసుకుంట బయటికొచ్చి, రోడ్డు పక్కన మురికినీళ్లు పారే మోరి దిక్కు చెయ్యి చూపెట్టిండు. నా సైకిల్ అండ్ల పడి ఉన్నది. చక్రాల మీద బండలేసి మడత పెట్టిండ్రు. హ్యాండిల్ వెనకకు వంచిండ్రు. పేరు రాసిన రేకు మీద ఇంత బర్రె పెండ కొట్టిండ్రు. "పట్టపగలు మోటర్ సైకిళ్ల మీద వచ్చిండ్రు చెల్లె. నేను అడ్డం పోతె నా హోటల్ గూడ ఉంచకపోదురు" అని అన్న తల దించుకున్నడు. టీచరమ్మ సైకిల్ గోడకు సల్లగ నిలబడి ఉన్నది. ఆంబోతులు కొట్లాడితె లేగల కాళ్లు ఇరుగుతయంటరు. నేను సీటు పట్టుకొని ఇంటిదాంక నడిచిన.

పెద్దబాపుకు చెప్పిన. నీకేమన్న అయిందా బిడ్డా అనలే. "రేకు మీద పెండ కొట్టిండ్రా? నువ్వు కండ్లార చూసినవా?" అన్నడు. చూసిన అన్న. ఆయన మొఖం ఎట్ల వెలిగిందో! ఇంట్ల పండుగొచ్చినట్టే. ఫోన్లు మొదలైనయి. ఫోటోలు తీసేదాంక సైకిల్‌ను మోరికెళ్లి ఎవ్వలు తియ్యొద్దని ఒక మనిషిని కాపల పెట్టిండు. పానమున్నన్ని రోజులు దిక్కులేని సైకిల్‌కు సచ్చినంక కాపల. తెల్లారి రోడ్డు మీద రాస్తారోకో అని తీర్మానమైంది. నేను ముందలికి పోయిన. "పెద్దబాపు, రేపు మా కాలేజీల ప్రాక్టికల్ పరీక్షలున్నయి. పరీక్ష పెట్టే సారు బయటి కాలేజీ నుంచి వస్తడు. సామానంత బీరువల ఉన్నది, తాళంచెవి నా కాడ ఉన్నది. నేను పోకుంటె నడవది" అన్న. "ఒక్క రోజుకు ఏం గాదు బిడ్డా. నువ్వు ముంగట కూసోవాలె. నువ్వే లేకుంటె కేసుకు బలమేముంటది?" అన్నడు. నేను మా బాపు దిక్కు చూసిన. మా బాపు తలకాయ ఊపిండు.

పొద్దుగాల నన్ను రోడ్డు మీద ముందు వరుసల కూసోపెట్టి, నా ముంగట సైకిల్‌ను పండవెట్టిండ్రు. అటు చేవెళ్ల దిక్కు, ఇటు మొయినాబాద్ దిక్కు బండ్లన్ని నిలిచిపోయినయి. టమాట ట్రాలీలు, పూల ఆటోలు, స్కూల్ బస్సులు. నేను రోజు ఎక్కే బస్సు గూడ అండ్లనే చిక్కింది. అదే కండక్టర్ కిందికి దిగి, నన్ను చూసి, నవ్వబోయి ఊకున్నడు. నా బస్సు నా కండ్ల ముంగట, నా పేరు మీదనే ఆగి ఉన్నది. ఎక్కి పోదామంటె లేదు. ఒళ్లో సంచి, సంచిల సీటు, తాళంచెవి. ఎవరో మైక్ పట్టుకొని 'మన ఇంటి ఆడబిడ్డ' అని నా గురించి మస్తు మాట్లాడిండు. ఆ ఎండల ఆడబిడ్డకు గిన్ని మంచినీళ్లు మాత్రం ఎవ్వలు ఇయ్యలే. పోలీసులు వచ్చి, మాట్లాడి, సైకిల్‌ను జీపుల ఏసుకొని పోయేటాళ్లకు పొద్దు నెత్తి మీదికొచ్చింది. నేను ఉరికి ఉరికి కాలేజీకి పోతె బీరువ తాళం పలగ్గొట్టి ఉన్నది. మా సారు తిట్టలే. తిట్టినా బాగుండు. "ఇగనన్న టైంకు రామ్మా, నేను గూడ పైనోళ్లకు జవాబు చెప్పాలె" అన్నడు. నేను సీటును ఎప్పటి లెక్కనే కింది అరల పెట్టి, పిల్లలు ఇడిసిపోయిన సీసాలు కడిగిన.

సైకిల్ స్టేషన్‌ల ఉన్నది. కేసు తేలేదాంక రాదన్నరు, వచ్చినా తొక్కేటట్టు లేదు. "పెద్దబాపు, ఇంకొకటి కొనిపియ్యి. పాతదే కొను. నా జీతంలకెళ్లే తీసుకో" అన్న. ఏడ్చిన గూడ. ఈసారి ఆయన అరుగు మీద కుర్సీలు గూడ ఏపియ్యలే. నా నెత్తి మీద చెయ్యి పెట్టి నిమ్మళంగ అన్నడు. "ఎలక్షన్లు అయ్యేదాంక నడువు బిడ్డా. నువ్వు సంచి పట్టుకొని నడుసుకుంట పోతుంటె ఊరంత చూస్తది. నేను మైక్ పట్టుకొని అరిచినదానికంటె గదే పెద్ద ప్రచారం." ఒకడు ఇల్లు కాలి ఏడుస్తుంటె ఇంకొకడు చుట్టకు నిప్పడిగిండంట. ఆ సామెత చిన్నప్పటి నుంచి వింటున్న, ఆ మనిషిని మాత్రం అప్పుడే చూసిన. అవ్వ తన కాళ్ల కడియాలు తీసి నా ఒళ్లో పెట్టి, అమ్మి కొనుక్కో అన్నది. మా ఇంటి పిల్ల చేవెళ్లల సైకిల్ కొంటె సాయంత్రం వరకు పెద్దబాపుకు తెలువకుంట ఉంటదా? మల్ల తీసి ఆమె కాళ్లకే తొడిగిన.

ఇగ నడిచిన. చెరుకు తోటల పక్కపొంటి, బురదల, చెప్పులు చేత పట్టుకొని నడిచిన. బాట పొడుగునా ఇండ్ల ముంగట ఆడోళ్లు పని ఆపి చూసేటోళ్లు. "అయ్యో, నడుసుకుంట పోతున్నవా బిడ్డా? నీ మొఖం చూసన్న మీ పెద్దబాపుకే ఏస్తం" అనేటోళ్లు. నాకు కావాల్సింది బస్సు, వాళ్లు ఇస్తమనేది ఓటు. నేను రోడ్డెక్కేటాళ్లకు బస్సు ఎనుక భాగం కనవడేది, ఒక్కోనాడు అది గూడ కనవడకపోయేది. ఎంత పొద్దుగాల లేసినా ఇంటి పని, నీళ్లు, పాలు అయినంకనే గద ఆడపిల్ల బయటికి పోవుడు. హోటలన్న రెండు మూడుసార్లు చెయ్యి అడ్డం పెట్టి బస్సును ఆపిండు, రోజు ఆపుతదా? మా సారు చూసి చూసి ఒకనాడు తల ఎత్తకుంట చెప్పిండు. "నీ జాగల ఇంకొకరిని తీసుకున్నరమ్మా." తాళంచెవి బల్ల మీద పెట్టిన. బీరువల సీటు ఉన్నదని యాదికొచ్చింది, కాని ఏం జేసుకోవాలె దాన్ని, ఆడనే ఇడిసి వచ్చిన.

పెద్దబాపు గెలిచిండు. సైకిల్‌ను ఎట్లనో ఇడిపిచ్చుకొచ్చి, రేకు తళతళ కడిగి, బంతిపూల దండ ఏసి ట్రాక్టర్ మీద ఊరేగిచ్చిండ్రు. డప్పులు, పటాకులు, గులాలు. ఊరేగింపు మా వాకిట్లకు వచ్చినంక పెద్దబాపు మేడ మీద ఉన్న నన్ను చూసి కేకేసిండు. "బిడ్డా, సీటేది? బోసిగ కొడుతున్నది, తెచ్చి పెట్టు!" కాలేజీల ఉన్నది అన్న. "అయితె రేపు పోయినప్పుడు యాది మరువకుంట తే" అన్నడు. నా నౌకరి పోయి అప్పటికే దినాలయింది. ఇంట్ల ఎవ్వలు ఆయనకు చెప్పలే. గెలుపు ముచ్చట్ల నడుమ అదొక ముచ్చటేనా అనుకున్నట్టున్నరు.

బతుకు ఏం ఆగలే. లగ్గమైంది, షాబాద్ దిక్కు ఇచ్చిండ్రు. ఇంటాయన మంచోడు. చేవెళ్లల దుకాణం పెట్టుకున్నం, నడుస్తున్నది. కాని దవాఖానల ఫినాయిల్ వాసన తగిలినా నాకు ఆ ల్యాబే యాదికొస్తది. మా ఊరి భూములు ఫామ్‌హౌస్‌లయినయి, పెద్దబాపు కొడుకు గండిపేటల గేటు లోపలి గేటున్న ఇల్లు కట్టిండు. పోయిన నెల ఆ ఇంట్ల దావత్ అయితె పోయిన. కింద కార్లు పెట్టే కాడ గోడకు ఒక సైకిల్ ఏలాడదీసి ఉన్నది, పెద్దబాపు మనుమనిది. ఎన్నడు తొక్కడంట. దాని ధర చెప్తె నా దుకాణంల సగం సరుకు వస్తది. దానికి తాళం గూడ లేదు.

పెద్దబాపు నడుమింట్ల కుర్సిల, ఇప్పటికి ఆనుకోకుంటనే కూసోని, సుట్టు చుట్టాలను పెట్టుకొని ముచ్చట చెప్తున్నడు. ఏ ముచ్చటంటరు? సైకిల్ కేసు. మోరి, పెండ, రాస్తారోకో, ట్రాక్టర్, బంతిపూల దండ, ఒక్కటి మరువలే. ఏ వాడల ఎన్ని ఓట్లు పడ్డయో గూడ చెప్పిండు. నన్ను చూసి "ఇగో, ఈ బిడ్డదే ఆ సైకిల్" అని దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకున్నడు. జర ఆగి, ఏదో యాదికి తెచ్చుకోబోయి అడిగిండు. "అవునే బిడ్డా, నువ్వు గా సైకిల్ ఏసుకొని పొద్దుగాల్నే ఏడికి పోతుంటివి?"

అందరు నా దిక్కే చూస్తున్నరు. "నీ ప్రచారానికే పోతుంటి పెద్దబాపు" అన్న. ఆయన కండ్లల్ల నీళ్లొచ్చేటట్టు నవ్విండు. సుట్టున్నోళ్లంత నవ్విండ్రు. మా తమ్ముడు గూడ నవ్విండు. వాడు గా అరుగు మీదనే పెరిగిండు మరి.

మొన్న పిల్లకు చెప్పినట్టే, సాయంత్రం దుకాణం షట్టర్ దించి ఫోన్ చేసిన. "దొంగ చూసి ఆశపడేటంత మంచిది కొనుక్కో బిడ్డా" అన్న. "అత్తా! ఎత్తుకపోతె ఎట్ల మరి?" అన్నది. "పోతె పోనీ. దొంగ ఎత్తుకపోతె ఒక్క సైకిలే పోతది, మల్ల కొనుక్కుందువు. నీ పైసలు నీ చేతులనే ఉండనియ్యి, డాడీని అడగకు. ఎవ్వని పేరు దాని మీద రానియ్యకు." పిల్లకు సగమే సమజైనట్టున్నది, నవ్వి, సరే అత్తా అన్నది. తెల్లారి ఫోన్ల ఫోటో పంపింది. నీలం రంగుదే. చానసేపు చూసిన, కండ్లు మసకలైనయి, ఫోన్ పక్కన పెట్టి మల్ల ముక్కలు మడతపెట్టిన. కాలం అన్ని మరిపిస్తదంటరు. నిజమే గావచ్చు, కొట్టినోళ్లకు జల్దినే మరిపిచ్చింది, దెబ్బ తాకినోళ్ల వంతు ఇంక రాలే.